స్త్రీల వోటు – దస్త్రములోని పేరు

1921వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీని ఆంధ్రులు రెండు కారణములచే జ్ఞాపకముంచుకొనదగును. ఆనాడు బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము గాంధీమహాత్ముని సమక్షమున రెండవదినపు సమావేశము జరుపుచుండెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున 20 లక్షల రాట్నములు కావలెనని అచట తీర్మానమయ్యెను. కృష్ణకు ఈవల ఆవల జిల్లాలనుండి జనము బెజవాడకు తండోపతండములుగా తరలిపోయెను. సరిగా ఆనాడే చెన్నపట్టణమున శాసనసభలో దివాన్ బహద్దూర్ కృష్ణన్ నాయరుగారు తెచ్చిన తీర్మానమొకటి నెగ్గెను. పురుషులకున్న అర్హతలే తమకును గల స్త్రీలు ఆ సభ యెన్నికలలో వోటు చేయవచ్చుననుట దాని సారము. బ్రిటిషు పాలనములోని రాష్ట్రములలో ఇట్టి తీర్మానము మొదట చేసినది చెన్నరాజధానియే. బొంబాయి అదే సంవత్సరము వెంట నడచెను. బెంగాలు 1925 వరకు ఆగెను.

బెజవాడలో కూడినవారు ఆ శాసనసభను బహిష్కరించినవారు. చెన్నపట్టణమున కూర్చున్నవారు సహాయనిరాకరణమును నిరసించినవారు. గాంధిగారు మన గడపలోనికి వచ్చియున్న దినమున చెన్నపట్టణపు తీర్మానము పల్లెలో చెప్పుకొను వార్త యగునని యెవ్వరు తలపగలరు? స్త్రీల వోటు మన ప్రాంతమునకు ఇట్లు సద్దుమణిగిన అడుగులతో వచ్చెను. అది వచ్చిన తెరవు తెలియవలెనన్న నాలుగేండ్లు వెనుకకు పోవలెను.

మార్గరెట్ కజిన్సు అను ఐర్లండు వనిత స్త్రీల వోటుకై తన దేశమునందును, లండను నగరమునందును కారాగారము చూచివచ్చినది. భర్తతోగూడ మదనపల్లె చేరి అచటి దివ్యజ్ఞానసమాజ కళాశాలకు సంబంధించి పనిచేసినది. అదియు తెనుగునేలయే. ఆమెయు, డొరోతీ జినరాజదాసయు, అనీబిసెంటును 1917 మే 8వ తేదీని అడయారులో భారత మహిళాసంఘమును స్థాపించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో భారతమంత్రి మాంటేగు చెన్నపట్టణమునకు రాగా, హైదరాబాదున పుట్టిపెరిగిన సరోజినీనాయుడు నాయకత్వమున స్త్రీల రాయబార మొకటి ఆయనను దర్శించెను. వారు కోరిన కోరికలలో విద్య, వైద్యములతోపాటు వోటును ఉండెను. దానిని వారడిగిన తీరు చమత్కారమైనది. కొత్త చట్టములో ‘ప్రజలు’ అను మాట వ్రాయునపుడు ఆ మాటలో స్త్రీలును ఇమిడియున్నట్లు గ్రహింపవలెనని వారి ప్రార్థన.

తెనుగు వ్యాకరణము చదివినవారికి ఈ కోరికలోని సారస్యము వెంటనే తోచును. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తు, అమహత్తు అను విభాగము కలదు. పురుషుడు మహత్తు. పశువులు, చెట్లు, రాళ్లు అమహత్తులు. స్త్రీ యొక్కతెయైనపుడు అమహత్తులలో చేరును, పెక్కురైనపుడు మహత్తులలో చేరుదురు. ‘ఆవు వచ్చినది’ అన్నట్లే ‘సీత వచ్చినది’ అందుము. కాని ‘ఆవులు వచ్చినవి’ అను మనమే ‘స్త్రీలు వచ్చినారు’ అందుము. భాషను కల్పించిన పెద్దల యుద్దేశమేదో గాని, 1917లో మాంటేగు నెదుటికి స్త్రీలు బహువచనముననే వచ్చిరి.

వచ్చినను వెంటనే ఫలింపలేదు. వోటర్ల అర్హతలను నిర్ణయించుటకు దేశమున తిరిగిన సౌత్‌బరో సంఘము, ఘోషా మొదలగు ఆచారములుండగా స్త్రీల కిపుడు వోటీయరాదని 1919లో తేల్చివైచెను. సరోజినీదేవియు, అనీబిసెంటును లండనుకేగి పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్యమిచ్చిరి. పార్లమెంటువారు తాము ఔననక, కాదనక, ఏ రాష్ట్రపు శాసనసభ ఇష్టము ఆ సభదేయని వదలివేసిరి. ఈ జారవేతయే ఒకవిధముగా మేలయ్యెను. జస్టిసు పక్షమువారి అధికారమున నున్న చెన్నపట్టణపు సభ ఆ సందును ఉపయోగించుకొనెను. ఫ్రాన్సు దేశపు స్త్రీలకు వోటు 1944లో గాని రాలేదు. స్విట్జర్లాండు దేశపు ఎన్నికలలో 1971లో గాని రాలేదు. ఈ లెక్కన చెన్నరాజధానిని మెచ్చుకొనుట న్యాయమే.

అయితే సభవారు ఇంత సులభముగా ఇచ్చుటకు మరియొక కారణము కలదు. ఇచ్చిన దానిని అందుకొనగలవారు బహు స్వల్పము. రాజధాని జనాభా నాలుగుకోట్లకు పైగా నుండగా, 1920 ఎన్నికల వోటర్లు పండ్రెండున్నర లక్షలు మాత్రమే. పల్లెలలో వోటు కావలెనన్న సాలుకు 10 రూపాయలకు తక్కువకాని విలువగల భూమికి పట్టాదారుగానో, ఇనాందారుగానో దస్త్రమునకు ఎక్కియుండవలెను. కౌలుదారులకును, పట్టణములలో పన్నుకట్టువారికిని వేరు నిబంధనలుండెను. ‘పురుషులకున్న అర్హతలే’ అను మాట వినుటకు సమానత్వమువలె నుండును. పురుషునకు పట్టా కలదు, స్త్రీకి లేదు. లేనివానికిని ఉన్నవానికిని ఒకే తూము పెట్టి కొలిచినట్లయ్యెను.

ఈ అర్హత మూడు తాలూకాలలోను ఒకేరీతిగా పనిచేయలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట తెనాలి, రేపల్లె తాలూకాలు కాలువ క్రింది మాగాణమయ్యెను. మాగాణి శిస్తు మెట్ట శిస్తుకన్న హెచ్చు గనుక, కొద్దిపాటి చేను గలవాడు సైతము పదిరూపాయల గడప దాటుచుండెను. బాపట్ల తాలూకాలో కొంత మాగాణము, కొంత మెట్ట, సముద్రపుటొడ్డున ఇసుక. మెట్టరైతు అంత శిస్తునకు రావలెనన్న ఎన్నో యెకరములు ఉండవలెను. ఆవిధముగా కాలువనీరు వోటర్లనుగూడ పండించినది. కాని ఏ తాలూకాలోనైనను పట్టామీది పేరు తండ్రిది, భర్తది, లేక కుమారునిది.

ఆడపడుచునకు భూమి ఇచ్చు ఆచారము మనవారికి లేకపోలేదు. పెండ్లినాడు పసుపుకుంకుమ క్రింద ఎకరమో, రెండెకరములో వ్రాసియిచ్చుట ఈ డెల్టాలో ప్రసిద్ధమే. ఇచ్చుట నోటిమాటతోనే జరిగినపుడు చిట్టాలో పట్టా పుట్టింటివారి పేరుననే నిలిచిపోవును. కాగితము పుట్టినచోట సైతము సేద్యము, శిస్తు, రసీదు అన్నియు భర్తచేతిమీదుగా నడచి, కొన్నాళ్లకు పట్టాయు ఆయన పేరనే మారిపోవచ్చును. భూమి ఆమెది. జమాబందిలో పిలుపు ఆయనకు. పట్టాయే వోటునకు ఆధారమైనపుడు ఈ చిన్నమార్పు విలువ యెంతయో ఊహించుకొనవచ్చును.

ధర్మశాస్త్రము ఇందుకు అడ్డు వచ్చినదా యనిన, పూర్తిగా రాలేదు. 13వ శతాబ్దిలో కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయమునకు మూలమైన మితాక్షర స్త్రీధనమును ఉదారముగనే నిర్వచించినది. వారసత్వమువలన, కొనుటవలన, పంపకమువలన స్త్రీకి వచ్చినదంతయు స్త్రీధనమే యని దాని మతము. ఇంగ్లీషువారి ప్రీవీకౌన్సిలు ఆ యర్థమును కుదించి, వారసత్వముగా వచ్చినది ఆమె జీవితపర్యంతము అనుభవింపదగినదే గాని పూర్తిగా ఆమెది కాదనెను. భారతమున ద్రౌపది సభలో అడిగిన ప్రశ్నయు ఇట్టి హక్కు ప్రశ్నయే. ముందు తన్ను పణమొడ్డి ఓడినవానికి, పిమ్మట భార్యను పణమొడ్డుటకు అధికారమెక్కడిది? భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. దస్త్రము తెలిసినవాని నడిగియున్న, అమ్మినవానికి హక్కు లేనపుడు అమ్మకము చెల్లదని ఒక్కమాటలో చెప్పియుండును. వికర్ణుడొక్కడే ఆ మాట చెప్పెను.

ఇంతకన్న పూర్వకాలమున రాతిమీద స్త్రీల పేరులు తక్కువేమియు కాదు. రేపల్లె సీమలోని చందవోలు వెలనాటి చోళులకు రాజధాని. వారి యేలుబడిలో దేవాలయములకు అఖండదీపములు పెట్టించి తమ పేరనే శాసనములు చెక్కించుకొన్న స్త్రీలు కలరు. కోట బేతరాజు పోయినపిమ్మట గణపతిదేవుని కుమార్తె గణపాంబ ధరణికోట సీమను పాలించెను. ఆమె శాసనము యనమదలలో కలదు. ఆమె సోదరి రుద్రమదేవి ఓరుగల్లు సింహాసన మెక్కినపుడుమాత్రము రుద్రదేవ మహారాజను పురుషనామము ధరింపవలసివచ్చెను. రాజ్యమేలుటకు బలము చాలినను పేరు చాలలేదన్నమాట.

1921 నాటికి తమ సొంతపేరున భూమిగల స్త్రీలెవరు? వితంతువులు కొందరు. దేవాలయములలో ఆటపాటల యూడిగమునకు ఇనాములు పొందిన దేవదాసీలు కొందరు. పెద్దమనుష్యులు పేరెత్తుటకు సంకోచించిన ఆ స్త్రీలకు దస్త్రములో పేరుండెను. గౌరవముగల ఇల్లాండ్రకు లేకుండెను. ఈ వింత మరునాటి శాసనములలోను కనబడును. 1926లో స్త్రీలు సభ్యులగుటకు అనుమతి లభింపగా, ముత్తులక్ష్మీరెడ్డి చెన్నపట్టణపు శాసనసభలో నియమింపబడి, 1927లో ఉపాధ్యక్షురాలయ్యెను. ఆమె పట్టుదలచే వచ్చిన 1929 చట్టము దేవదాసీల ఇనాము భూములను ఊడిగమునుండి విడిపించి, భూమిని వారికే మిగిల్చెను. శాసనసభలో కూర్చున్న మొదటి స్త్రీ మొదటగా పట్టుకొన్న పనులలో నొకటి స్త్రీలపేర నున్న భూమిని గూర్చినదే.

స్త్రీలు మొదటిసారి వోటుచేసిన శాసనసభ యెన్నికలు 1923లో జరిగెను. దానికి ముందటి యేడు బాపట్ల, గుంటూరు తాలూకాల సరిహద్దున పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున అసలు శిస్తే కట్టమని కూర్చుండిరి. మునసబులు, కరణములు రాజీనామాలిచ్చిరి. పశువులు, సామానులు జప్తు చేయుటకు సర్కారువారు బలగముతో వచ్చిరి. శిస్తు కట్టినవారికే వోటని చెన్నపట్టణము, శిస్తే కట్టవలదని పెదనందిపాడు! ఇంటిలోని గంగాళము జప్తునకు పోవుచున్నపుడు గడపలో నిలిచినది స్త్రీయే. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తరువాత గాంధిగారి యానతిచే ఆ సమరము నిలిచిపోయెను. మన స్త్రీలు రాజకీయము నేర్చినది వోటు పెట్టెవద్ద కాదు. రాట్నమువద్ద, నిధికై నగలు ఒలిచియిచ్చుటవద్ద, ఆపై 1930 ఉప్పు సత్యాగ్రహమువద్ద నేర్చిరి. గుంటూరులో శారదానికేతనమును నడపిన ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు జైలుకేగుట ఈ ప్రాంతపు ఇండ్లలో పెద్ద పాఠము.

బాపట్లలో మరియొకవిధమైన పని జరిగెను. 1896లో ఆ యూరనే పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1931లో అచట స్త్రీహితైషిణీ మండలిని స్థాపించిరి. గృహలక్ష్మి పత్రికలో ‘శారద లేఖలు’ అను పేర ఏండ్ల తరబడి వ్రాసిరి. ఒక గృహిణి తన నెచ్చెలికి వ్రాసిన జాబులవలె నుండు ఆ లేఖలలో శారదాచట్టము, ఖద్దరు, స్త్రీల హక్కులు, మహిళాసభలు అన్నియు వంటింటి మాటలలోనే దొరలును. ఉపన్యాసమునకు వెళ్లలేని స్త్రీకి జాబు ఇంటికి వచ్చును. ఇది మిక్కిలి తెలివిగల మార్గము.

చదువుసంగతి వచ్చినది గనుక 1935 చట్టమును చెప్పవలెను. ఆ చట్టము ఆస్తి నియమమును తీసివేయలేదు గాని, స్త్రీలకు మరి రెండు తలుపులు తెరచెను. అర్హత గల కొందరు పురుషుల భార్యలకు భర్తద్వారా వోటు. చదువను వ్రాయను వచ్చిన స్త్రీకి ఆ చదువుద్వారా వోటు. దేశమంతట 60 లక్షలకు పైగా స్త్రీలు వోటర్లైరి. చెన్నరాజధాని అసెంబ్లీలోని 215 స్థానములలో 8 స్త్రీలకు ప్రత్యేకింపబడెను. భార్యగా వచ్చిన వోటును గూర్చి స్త్రీల సంఘములు నొచ్చుకొనుట సహజమే. వివాహము వోటునకు యోగ్యత యెట్లగును? అక్షరమువలన వచ్చిన వోటు అట్టిది కాదు. అది ఆమె స్వార్జితము.

గ్రంథాలయమున కూర్చుని ఈ సంపుటమును చదువువారికి ఈ విషయము దగ్గరిది. అదే 1935లో పాతూరి నాగభూషణముగారు తెనాలి ప్రాంతమున కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయమును నడపిరి. సరకులతోను ప్రయాణికులతోను పోవు పడవలో పుస్తకములు పెట్టి చదువరులకిచ్చెడివారు. వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వత నికేతనము అంతకు పూర్వమే వేరూనియుండెను. 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఊరూర గ్రంథాలయములను, రాత్రిబడులను ప్రోత్సహించుచుండెను. వీరెవ్వరును వోటర్లను తయారుచేయవలెనని బయలుదేరలేదు. అయినను 1937 ఫిబ్రవరి యెన్నికలనాటికి సంతకము చేయనేర్చిన పల్లెపడుచు, పది రూపాయల పట్టాదారునితో సమానముగా నిలువగలిగెను. పట్టా ఇవ్వని దానిని పలక ఇచ్చెను.

ఇక కూలినాలి చేసికొను స్త్రీలమాట. నాట్లు వేయునది, కలుపు తీయునది, కోతకోయునది వారు. పట్టా లేదు, పలక లేదు, అర్హత గల భర్తయు లేడు. 1921 తీర్మానముగాని, 1935 చట్టముగాని వారి గుడిసె దరికి రాలేదు. స్త్రీల వోటు చరిత్ర యని వ్రాయువారు చాలమంది 1921తోనే సంబరము ముగింతురు. రేపల్లె లంకలలోని కూలియాలికి ఆ తేదీతో పనియేమి? ఆమెకు వోటు వచ్చినది 1950 జనవరి 26న అమలైన రాజ్యాంగమువలన. అందులోని 326వ అధికరణము భూమిని అడుగదు, చదువును అడుగదు, వయసును మాత్రమే అడుగును. నాడది 21 ఏండ్లు. 61వ సవరణమువలన 1989నుండి 18 ఏండ్లైనది. ఆ రాజ్యాంగమును వ్రాసిన సభలో ఆంధ్రుల ఆడపడుచు దుర్గాబాయి కూర్చుండెను.

అడ్డంకులన్నియు తొలగెననుకొన్నచోట చిట్టచివరి అడ్డంకి యెదురయ్యెను. అది పేరు. మొదటి సార్వత్రిక యెన్నికలకు 17 కోట్లకు పైగా వోటర్లను పట్టికల కెక్కించిరి. ఉత్తరదేశమున లెక్కకు వచ్చిన గుమాస్తాలకు పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పరైరి. ఫలానావాని తల్లి, ఫలానావాని భార్య అని మాత్రమే చెప్పిరి. ప్రధాన యెన్నికల కమీషనరు సుకుమారసేనుగారు సొంతపేరు లేనిదే పట్టికలో చేర్పవలదని పట్టుపట్టెను. గడువు పెంచి యిచ్చినను సుమారు 28 లక్షల స్త్రీల పేరులు కొట్టివేయవలసివచ్చెను. ఆ సంఖ్యలో అధికభాగము బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, వింధ్యప్రదేశములది.

కొట్టివేయుట క్రూరమని కొందరందురు. అది సరికాదు. ‘ఫలానావాని భార్య’ అని వ్రాసికొన్నచో ఆ వోటు ఫలానావానిదే యగును. పసుపుకుంకుమ భూమికి పట్టినగతియే దానికిని పట్టును. సేనుగారు దస్త్రము మర్మము తెలిసినవాడు. ఒక్క యెన్నికలో నష్టమైనను, తరువాతి యెన్నికలకు ఆ స్త్రీలు పేరు చెప్పుకొనుట నేర్తురని ఆయన యెంచెను. తరువాతి పట్టికలలో ఆ లోపము చాలవరకు సవరింపబడెను.

మన స్త్రీలు తమ పేరు దాచుకొనువారు కారు గాని, వారికి నోట రానిది భర్తపేరు. పట్టికలో ఆ గడియు నింపవలెను. అడిగినపుడు కొంగు నోటికడ్డము పెట్టుకొని బిడ్డచేత చెప్పించువారు, తిరుపతి దేవుని పేరనో, సీతమ్మ మగని పేరనో సంజ్ఞ చేయువారు తెనుగుపల్లెలలో నెల్లకాలము ఉన్నవారే. సొంతపేరుకూడ ఊరిలో వాడుకలో నుండదు. పెద్దకోడలు, చిన్నమ్మి, ఫలానిఊరి ఆమె యనియే పిలుపు. బారసాలనాడు బియ్యములో వ్రాసిన పేరు పెండ్లి శుభలేఖలో నొకమారు కనబడి, మరల వోటరు పట్టికలో పైకి వచ్చెను.

ఈ ప్రాంతము చెన్నరాష్ట్రమున నుండగనే 1952 జనవరిలో పోలింగు జరిగెను. అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు. చీటీమీద గీత గీయవలసిన పనిలేదు. తనకిష్టమైన గుర్తుగల పెట్టెలో చీటీ వేసిన చాలును. చదువురానివారికి ఇంతకన్న సులభమైన పద్ధతి లేదు. ఆనాడు పట్టాదారిణియు, పాలేరు భార్యయు చెరియొక చీటీతో ఒకే తడికచాటునకు పోయివచ్చిరి. రెండు చీటీల విలువ యొక్కటే. ఇట్టి లెక్క మన గ్రామ దస్త్రములలో అంతకుమున్ను ఏ ఫసలీలోను పడలేదు.

భూమి దస్త్రము వోటరు పట్టిక వెంట మెల్లగా నడచెను. 1956 హిందూ వారసత్వచట్టము స్త్రీ చేతనున్న ఆస్తి సంపూర్ణముగా ఆమెదే యనెను. మితాక్షర చెప్పినదానికి ప్రీవీకౌన్సిలు వేసిన కత్తెర అంతటితో తొలగెను. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమానభాగము ఆంధ్రప్రదేశమున 1985నుండి, దేశమంతట 2005నుండి వచ్చెను. అనగా తండ్రిభూమిలో సమానహక్కు కలుగుటకు ముప్పదియేండ్లకు పూర్వమే ఈ రాష్ట్రపు స్త్రీ ముఖ్యమంత్రులను నిలుపుటలోను, దించుటలోను సమానురాలై యుండెను. మొదట ఆస్తివలన వోటు రాగా, వోటువలన ఆస్తి పిమ్మట వచ్చినది.

పాత గుంటూరు జిల్లా విడిపోయి, 2022నుండి బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోను, తెనాలి గుంటూరు జిల్లాలోను ఉన్నవి. తెనాలి నియోజకవర్గమునుండి 1967లో దొడ్డపనేని ఇందిరగారు శాసనసభకు ఎన్నికైరి. 1972లోను, 1978లోను మరల ఎన్నికైరి.